వెనక్కి రాని గిన్నెలు

భిలాయి ఖుర్సీపార్‌లో మా వీధి ఆడవాళ్లు తలచుకుంటే స్టీల్ ప్లాంటును పక్క వీధికి జరపగలరు. పవర్ హౌస్ రైల్వే స్టేషన్లో ఇద్దరు పిల్లలతో పడుకుంటున్న ఒక తెలుగు తల్లిని తీసుకొచ్చి మా కమిటీ హాలు వెనక సామాన్ల గదిలో పెట్టడం వాళ్లకొక లెక్కా? మొగుడు ఎటో పోయాడట, ఇంటి ఓనరు సామాను బయట పడేశాడట. ఇంటికొక పూట చొప్పున అన్నం పంపాలని తీర్మానించారు.

నాకూ వంతు కావాలన్నాను. ఒంటరివాణ్ణి. నా ఇంట్లో నోరున్నది ప్రెషర్ కుక్కరొక్కటే, అదీ ఈల వేసి ఊరుకుంటుంది.

"నువ్వేటి వండుతావు బావూ?" అంది ఎదురింటి పిన్ని.

"పప్పు."

"అయ్యో, పిల్లలేటి పాపం చేసినారు!"

గురువారం సాయంత్రం నాకు దక్కింది. నా పప్పులో శివనాథ్ నది పారేది. అడుగున ఉన్న కందిపప్పు తేవాలంటే గజ ఈతగాళ్లను దింపాలి. పెద్దపిల్ల మూత తీసి, "అంకుల్, ఫిర్ వహీ దాల్?" అని, మళ్లీ అదే పప్పా అన్నట్టు నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు కోసం వారమంతా ఎదురు చూసేవాణ్ణి.

చిక్కల్లా, వెళ్లిన గిన్నె వెనక్కి రాలేదు. ఒక్కటంటే ఒక్కటి. నెల తిరిగేసరికి మా వీధిలో స్టీలుకు కరువొచ్చింది. భిలాయిలో స్టీలు కరువు! పిన్నైతే పూజ చెంబులో చారు కాస్తున్నానంది.

"అమ్మీసుకుంటందేమో! ఆదివారంలోగా గిన్నీలు రాకపోతే గది ఖాళీ చేయించీడమే" అని కూడా అంది.

అంటే మళ్లీ స్టేషనే.

కనుక్కు రమ్మని నన్ను పంపారు. పెళ్లి గుండిగల పక్కన మా గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి, అద్దాల్లా తోమి. నా మొహం వంద చోట్ల కనబడి జడుసుకున్నాను.

"తిరిగిచ్చీడానికేటైందమ్మా?"

ఆమె తలెత్తలేదు. "ఖాళీ గిన్ని ఎలాగిచ్చీమంటారు బావూ? ఏదో ఓటి ఎయ్యాల కదా. నా కాడేటుందని?"

మా అమ్మ కూడా ఎవరి గిన్నెనూ ఖాళీగా పంపలేదు. చిటికెడు పంచదారైనా వేసేది. వీధి వీధంతా అలా పెరిగినవాళ్లమే. ఆమె కూడా అలాగే పెరిగి ఉంటుందని ఒక్కరికీ తోచలేదు.

నా గ్యాసు పొయ్యీ, సిలిండరూ, బియ్యప్పిండీ, బెల్లమూ రిక్షాలో వేసుకుని ఆమె గదికి తెచ్చాను. "దుకాన్ ఖోల్ రహే హో, భయ్యా?" అన్నాడు రిక్షావాడు, నేను కొట్టు పెడుతున్నాననుకుని.

ఆదివారం పొద్దున్న తల్లీ పిల్లలూ ఇంటింటికీ గిన్నెలు చేర్చారు. ప్రతిదాంట్లో ఆమె వండిన పాకుండలు. పిన్ని మూత తీసి ఒకటి కొరికి, ఏ వంకా పెట్టకుండా రెండోది తీసుకుంది. మా వీధి చరిత్రలో అలా జరగడం అదే మొదలు.

"ఉండమ్మా, కూరేసిస్తాను" అంది చివరికి. గిన్నె మళ్లీ బయల్దేరింది. గది ఊసు మరెవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ తల్లే వండుకుంటోంది. పొయ్యి అక్కడే ఉండనిమ్మన్నాను. వంతులు ఆగిపోయాయి. నా గిన్నె గూట్లో ఉంది. గురువారం సాయంత్రం దించి, ఊరికే తోముతాను. పవర్ హౌస్ బజార్లో జిలేబీలు కొని అందులో వేసుకుని వెళ్లొచ్చు, నిజమే. కానీ జిలేబీల గిన్నె మూత తీసి ఏ పిల్లా నిట్టూర్చదు.