నలభై ఆంపుల బావగారు

భర్తకు అన్న కాబట్టి ఆమె ఆయన్ని "బావగారూ" అనే పిలిచేది. మనసులో పిలుచుకునే పేర్లు వేరే ఉండేవి. అవి నలుగురిలో పలికేవి కావు. బంధువులకు మాత్రం ఆయన "ఇంజనీరు". నిజానికి ఆయన ఉద్యోగమంతా ఒక ఫ్యాక్టరీ స్టోరులో, కిటికీ వెనక కూర్చుని అడిగినవాళ్లకు ఫ్యూజులూ బల్బులూ వైరు చుట్టలూ అందించడంతోనే గడిచిపోయింది. సరుకుల పేర్లన్నీ నాలుక చివరే ఉండేవి. ఏది ఎందుకు వాడతారో తెలుసుకోవలసిన అవసరం ఆ కిటికీ వెనక ఎన్నడూ రాలేదు. రిటైరయ్యాక ఆ పాండిత్యాన్నంతా తీసుకొచ్చి బంధువుల గోడల్లోకి దించడం మొదలుపెట్టాడు.

ఇతరులు పెన్ను పెట్టుకునే జేబులో ఆయన టెస్టరు పెట్టుకుంటాడు. పెళ్లికి వెళ్లినా అంతే. ఆయన చెయ్యి పడని ఇల్లు చుట్టాల్లో లేదు. చెల్లెలి ఇంట్లో ఫ్యాను వేస్తే బాత్రూం బల్బు మినుకుమంటుంది. అత్తగారి గదిలో స్విచ్చిని చెక్కగరిటెతో తప్ప ఎవరూ నొక్కరు. ఎవరైనా నోరు తెరిచి అడిగితే, సరుకు నాసిరకం అంటాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయన్ని చూశాకే పుట్టి ఉంటుందని ఆమె నమ్మకం.

ఎన్నాళ్లనుంచో అనుకుని అనుకుని ఆమె కరెంటు పొయ్యి కొనుక్కుంది. పైన నాలుగు ప్లేట్లు, కింద పెద్ద ఓవెను. బిగించడానికి తమ మనిషిని పంపుతామని దుకాణంవాళ్లు చెప్పారు. ఈలోగా ఆమె భర్త అన్నకు ఫోను చేసి కూర్చున్నాడు. ఇంట్లో మనిషిని పెట్టుకుని పైవాడెందుకన్నాడట ఆయన. భర్త సరేనన్నాడు. అన్న మాట చెవిన పడగానే ఆ మనిషికి మెడలో ఎముక కరిగిపోతుంది. అన్నీ తెలిసే పెళ్లి చేసుకున్నాను కదా, ఇంక అనుకుని ఏం లాభమనుకుంది ఆమె.

బావగారు వచ్చి, పుచ్చకాయ కొనేవాడిలా పొయ్యిని రెండు వైపులా తట్టి చూశాడు. మిక్సీ ప్లగ్గుకు వచ్చే పాత వైరునే గోడలోంచి లాగి పొయ్యికి కలపబోయాడు. ఆ సన్న వైరు ఇంత పొయ్యికి సరిపోతుందా అని ఆమె అడిగింది.

"అమ్మాయ్, కరెంటేమన్నా నీళ్లా, పైపు చిన్నదైతే ఆగిపోడానికి?" అన్నాడాయన, స్క్రూ బిగిస్తూనే.

ఆ మాటలో ఏదో తేడా ఉందనిపించింది. ఏమిటో చెప్పలేక ఊరుకుంది. ఆ ఊరుకోవడం తలుచుకుంటే తర్వాత ఆమెకు తన మీద తనకే రోత పుట్టేది.

మొదటి రోజే ఓవెనూ రెండు ప్లేట్లూ కలిపి వేసేసరికి, కాసేపటికి బోర్డులో బ్రేకరు టక్కున పడిపోయింది. ఎత్తితే మళ్లీ పడింది. బావగారు వచ్చి, బ్రేకరుకు బలం లేదని తేల్చాడు. ఇరవై ఆంపులదాన్ని పీకేసి నలభైది పెట్టాడు. ఇక పడలేదు. ఆయన రెండు కప్పుల టీ తాగి, తమ్ముడి భుజం తట్టి వెళ్లాడు.

కొన్నాళ్లకు వంటింట్లో ప్లాస్టిక్ దువ్వెన మాడినట్టు వాసన మొదలైంది. ఓవెన్ కొత్తది కదా, అలాగే ఉంటుందన్నాడు భర్త. ఒక మధ్యాహ్నం ఆమె వంట మధ్యలో పొయ్యికి దూరంగా, డబ్బాల అర పక్కన గోడ మీద చెయ్యి ఆన్చింది. గోడ జ్వరం వచ్చిన ఒళ్లులా కాలుతోంది. ఎవరినీ అడగకుండా మెయిన్ దించేసి దుకాణానికి ఫోను చేసింది.

వచ్చిన ఎలక్ట్రీషియన్ నిద్రలోంచి లేపి తెచ్చినవాడిలా ముఖం పెట్టుకుని ఉన్నాడు. గోడ పగలగొడితే వైరు తొడుగు కరిగి, మాడిన బెల్లంలా ప్లాస్టరుకు అంటుకుపోయి ఉంది. ఎవడు చేశాడీ పని అని అడిగాడు. ఆమె భర్తకేసి చూసింది. భర్త వెళ్లి కిటికీ తెరిచాడు.

"బ్రేకరుండేది పొయ్యి కోసం కాదమ్మా, వైరు కోసం" అన్నాడు ఎలక్ట్రీషియన్. "వైరు మొయ్యలేనంత లాగితే అది పడిపోవాలి. ఇరవైది పడి తన పని తాను చేసింది. దాన్ని పీకేసి మూగదాన్ని పెట్టారు."

అన్నీ ఒకేసారి నిండుగా వెలిగితే ఈ పొయ్యి నలభైకి పైనే లాగుతుందనీ, కానీ వేడెక్కిన ప్లేటు కాసేపు ఆగి మళ్లీ వెలుగుతుంది కాబట్టి ఇంటి వంటకు ముప్పై రెండు ఆంపుల బ్రేకరు చాలనీ, దానికి తగ్గట్టు బోర్డు నుంచి ఆరు ఎంఎం లావు వైరు విడిగా లాగాలనీ విసుగ్గా చెప్పాడు. లాగడం మొదలుపెట్టాడు కూడా.

ఈలోగా భర్త పిలిచినట్టున్నాడు, బావగారు దిగాడు. మాడిన వైరు ముక్కను అటూ ఇటూ తిప్పి, ఈ రోజుల్లో రాగిలో కల్తీ ఎక్కువైందన్నాడు. ఆపైన, ఆరు ఎంఎం లాగమని అప్పటికే అది లాగుతున్న ఎలక్ట్రీషియన్‌కు సలహా ఇచ్చాడు.

"బావగారూ, ఆ నలభై ఆంపులది మీరు తీసుకెళ్లండి" అంది ఆమె. "ఇంకెప్పుడూ మా ఇంటి బోర్డు తెరవకండి."

భర్త గోడ వైపు చూశాడు. ఆయన మాత్రం ఆడవాళ్లకు కంగారెక్కువని నవ్వి, బ్రేకరును నిజంగానే జేబులో వేసుకుని వెళ్లాడు. నెల తిరగకుండానే చుట్టాలందరికీ కథ చేరిపోయింది. లావు వైరు వెయ్యమని తను నెత్తీనోరూ కొట్టుకున్నా మరదలు వినలేదట. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడితో వాదించి ఏం లాభం? ఆమె ఎవరికీ బదులు చెప్పలేదు.

ఆడపడుచు కూతురు కొత్తగా కాపురం పెట్టి గీజరు కొనుక్కుందని తెలిసినప్పుడు మాత్రం ఫోను తీసింది.

"పెద్దమామయ్య ఇప్పుడే స్టూలెక్కాడత్తయ్యా" అంది ఆ పిల్ల.

"దిగమను. దుకాణంవాళ్ల మనిషి వస్తున్నాడని చెప్పు."

"బాధపడతాడేమో."

"పడనీ."

పిల్ల ఫోను పక్కన పెట్టి వెళ్లింది. ఈ కాలం పిల్లలకు పెద్దల మీద నమ్మకం లేదంటూ ఆయన గొంతు వినిపించింది. కాసేపటికి స్టూలు జరిగిన చప్పుడు. దిగాడన్నమాట. ఆమె ఫోను పెట్టేసి, ఓవెన్లో రొట్టె ఎంతవరకు వచ్చిందో చూడడానికి వెళ్లింది.