గుండక్క వదిలేసిన గడ్డి

ఆ రోడ్డు మీద ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. అందరికీ గుండక్కే. అలాగని ఆవిడకు జుట్టు లేదనుకునేరు, నడుం దాకా నిక్షేపంగా ఉంది. ఆవిడ గుండు కొట్టేది రోడ్డు పక్క గడ్డికి. భుజానికి బెల్టుతో కోత మిషన్ తగిలించుకుని, కళ్లకు అద్దాలు, చెవులకు మోత వినబడకుండా డిప్పలు పెట్టుకుని గుండక్క ఒక చివర మొదలుపెట్టిందంటే, రెండో చివరకు చేరేసరికి వెనకాల నేల నున్నగా తేలేది. ఎక్కడైనా ఒక్క పోచ తలెత్తి కనిపిస్తే వెనక్కి వచ్చి మరీ దాని సంగతి చూసేది. "మా కోడలు కోసిన చోట దోమకు కూడా నీడ దొరకదు" అని అత్తగారు ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది.

ఆ అత్తగారిని గురించి కూడా చెప్పాలి. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి పాలు పోసిన మనిషి. ఏ ఇంట్లో ఏం జరిగిందో ఆ ఇంటివాళ్ల కంటే ముందు ఆవిడకే తెలిసేది. అలాంటిది, స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగాక, కిటికీ పక్క కుర్చీకే అతుక్కుపోయింది. ఆ కిటికీ లోంచి కనిపించేదేమిటంటే పక్క మేడ గోడ, ఆ గోడకు ఒక నీళ్ల గొట్టం. కొడుకు లారీ డ్రైవరు. వారానికోసారి వచ్చి, తిని, పడుకుని, లేచి వెళ్లిపోయే రకం. ఇక బయటి కబురు మోసుకురావాల్సింది కోడలే.

సాయంత్రం కోడలు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే లోపలినుంచి కేక వినిపించేది. "ఏం చూశావే ఇవాళ?"

"ఏముంటుంది అత్తయ్యా? గడ్డి."

ఏళ్ల తరబడి ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఈ మధ్య ఆ ప్రశ్న కూడా వినిపించడం మానేసింది. గిన్నెలో పెట్టింది సగం అలాగే ఉండేది. పిలిస్తే పలికేది కాదు. గుండక్కకు లోలోపల గుబులు పట్టుకుంది. తిట్టే అత్తతో వేగడం ఆవిడకు తెలుసు, తిట్టని అత్తతో ఎలా వేగాలో తెలియలేదు.

సరిగ్గా చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజుల్లో, మిషన్ మొరాయించింది. మెకానిక్ దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి బల్ల మీద పరిచి, "రేపు రా అక్కా" అన్నాడు. మర్నాడు వెళ్తే మళ్లీ "రేపు" అన్నాడు. మెకానిక్కుల రేపు ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలియదు, చూస్తుండగానే వారాలు గడిచాయి. సూపర్‌వైజర్‌ మాత్రం ఊరుకుంటాడా? "చేతులు ఖాళీగా ఎందుకు? చెత్త ఏరు" అని ఒక గోనెసంచి చేతికిచ్చాడు.

అలా చెవులకు డిప్పలు లేకుండా, కళ్లకు అద్దాలు లేకుండా, వంగి చెత్త ఏరుతూ, గుండక్క తన రోడ్డును మొదటిసారి చూసింది.

గడ్డి మోకాలి దాకా లేచింది. దాని మధ్యలో, ఎవరు తెచ్చి పోశారో అన్నట్టు పూలు! పొడుగు కాడ మీద ఊగే తెల్లరేకుల పూలు, నేలకు అంటుకుని పసుపువి, వంగి ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప కనిపించనంత చిన్న నీలిరంగువి. ఒంటి నిండా రోమాలున్న గొంగళిపురుగు ఒకటి సిగరెట్ పెట్టె మీంచి తీరుబడిగా నడిచి వెళ్తోంది. వేలెడంత పిట్టలు గడ్డి గింజల కోసం పోచ మీద వాలి, అది వంగితే కిందకి జారి, మళ్లీ ఎగురుతున్నాయి. గుండక్క గోనెసంచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్లూ ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా? ఉంటే ఏనాడూ కళ్లబడలేదేం? జవాబు ఆవిడకే తట్టింది. మొగ్గ తొడిగే లోపే తను కోసి పారేసేది కదా. చూడ్డానికి ఏం మిగిలింది? ఆవిడకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే పట్టలేనంత సంతోషం వచ్చింది.

ఆ సాయంత్రం అత్తగారు అడగకుండానే, గుండక్క కొంగులోంచి ఒక తెల్లపువ్వు తీసి ఆవిడ ఒళ్లో పడేసింది.

ముసలావిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "గడ్డి చామంతే ఇది! చిన్నప్పుడు దెబ్బ తగిలితే దీని ఆకే నలిపి కట్టేవాళ్లం. ఎక్కడిదే?"

"మన రోడ్డు మీదే."

"మరి ఇన్నాళ్లూ గడ్డి, గడ్డి అని చెప్పి చంపావు కదే!"

తిట్టు పడింది! గుండక్కకు ప్రాణం లేచొచ్చింది. అప్పటినుంచి రోజుకో సరుకు ఇంటికి చేరింది. పసుపుపువ్వు పల్లేరుదని తేలింది. తేలకేం, దాని ముల్లు గుండక్క చెప్పులో దిగి తన పేరు తనే చెప్పుకుంది. ముసలావిడ గిన్నె ఖాళీ అవుతోంది. నోరు మళ్లీ ఎప్పటి నోరైంది.

ఇక ఒకరోజు గుండక్క పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. "అత్తయ్యా, తీతువు పిట్ట గుడ్లు పెట్టింది! ఉత్త నేల మీదే. చుట్టూ గులకరాళ్లు పేర్చుకుంది. నాలుగు గుడ్లు. రాళ్లకూ గుడ్లకూ తేడా తెలియడం లేదు. అడుగు వేసేదాన్నే. అది నా మొహం మీదకు వచ్చి అరిచిన అరుపుకు ప్రాణం గుటుక్కుమన్నంత పనైంది."

"తల్లి కదా మరి, అరవదూ? పిల్లలు ఎప్పుడొస్తాయే?"

"నన్నడిగితే ఎలా? నేనేమైనా పెట్టానా?"

"నేను చూడాలి." ముసలావిడ గొంతు మారిపోయింది. "పిల్లలు పుట్టినప్పుడు నన్ను తీసుకెళ్లు. ఎలా తీసుకెళ్తావో నాకు తెలియదు. ఈ గోడ చూసీ చూసీ నా కళ్లు సున్నం కొట్టుకుపోయాయి."

కోడలు మాటిచ్చేసింది. నడవలేని మనిషిని అంతదూరం ఎలా తీసుకెళ్తుందో ఆలోచించలేదు. ఆ కళ్లు చూస్తూ కాదనడం ఎవరి తరం?

మాట ఇచ్చిన ముహూర్తం ఎలాంటిదో గానీ, మర్నాడే మెకానిక్‌ది "రేపు" వచ్చేసింది. మిషన్ బాగైంది. కోత మొదలుపెట్టమని సూపర్‌వైజర్‌ హుకుం. అద్దాలు పెట్టుకుని, మిషన్ అదురుకు చేతులు ఊగుతుంటే, రాళ్లలో కలిసిపోయిన గుడ్లు తనకు కనబడతాయా? గుండక్కకు దిగులు పట్టుకుంది.

"ఇంతోటి దానికి అంత ఆలోచనా?" అని ముసలావిడ తన పాత ఎర్రచీర తెప్పించి పర్రున చింపింది. "చుట్టూ పుల్లలు పాతి ఇవి కట్టు. మైలు దూరం నుంచి కనబడుతుంది."

బాగానే ఉందనిపించింది. గుండక్క పుల్లలు పాతి ఎర్రగుడ్డలు కట్టి, రోడ్డు రెండో చివర కోత మొదలుపెట్టింది. ఇన్నేళ్లు రోడ్డు మీద బతికిన మనిషి! ఎర్రగుడ్డ కట్టిన పుల్ల అంటే తవ్వకం పనివాళ్లకు ఏమిటో ఆవిడకు తెలియక కాదు. ఆ పూట తట్టలేదు, అంతే. గొట్టాలు వేయడానికి ఎక్కడ తవ్వాలో ముందుగా ఒకరు వచ్చి ఎర్రగుడ్డ కట్టి పోతారు. తర్వాత వచ్చే తవ్వకం ముఠా ఎందుకని అడగదు. గుడ్డ కనిపిస్తే గునపం దించుతుంది.

పెట్రోలు పోయడానికి మిషన్ ఆపి, చెవి డిప్పలు తీసేసరికి పిట్ట గోల వినబడింది. మామూలు గోల కాదు. గుండక్క తిరిగి చూసింది. తన ఎర్రగుడ్డల దగ్గర గునపాలు, పారలు, మనుషులు!

మిషన్ భుజం మీద ఉన్న సంగతి కూడా మరిచి పరిగెత్తింది. "ఆగండి! ఆగండ్రా నాయనా!"

అక్కడ మేస్త్రీ నెత్తి మీద తట్ట బోర్లించుకుని గిరగిరా తిరుగుతున్నాడు. పిట్ట పైనుంచి దిగడం, తట్టను తన్నినంత పని చేయడం, మళ్లీ లేవడం. ఒక కూలీ పార కింద పడేసి రోడ్డుకు అవతలికి పోయి నిలబడ్డాడు.

"ఇదేం పిట్ట అక్కా, మనిషిని బతకనిచ్చేలా లేదు!" అన్నాడు మేస్త్రీ.

"ఎవరు తవ్వమన్నారయ్యా ఇక్కడ?"

"గుడ్డ కట్టి ఉంది కదా! ఎర్రగుడ్డ ఉన్నచోట తవ్వకపోతే మా సారు మమ్మల్ని తవ్వుతాడు."

గుండక్క మిషన్ దించి మోకాళ్ల మీద కూలబడింది. గునపం ఒక్కసారే దిగింది, గుడ్లకు జానెడు దూరంలో. ఎగిరిన మట్టి వాటిని కప్పేసింది. వేళ్లతో మెల్లగా మట్టి తీసింది. నాలుగూ ఉన్నాయి, చెక్కుచెదరలేదు. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే అత్తగారి సంగతి, గోడ సంగతి, ఇచ్చిన మాట సంగతి చెప్పేసింది.

మేస్త్రీ తట్ట దించి తల గోక్కున్నాడు. "ముందే చెప్తే మేము పక్కకు పోయేవాళ్లం కదక్కా" అని గొణిగాడు. తర్వాత తన మనుషులకు సైగ చేశాడు. వాళ్లు బండిలోంచి ఇనుప కంచెలు దించి గూడుకు దూరంగా చుట్టూ నిలబెట్టారు. ముందువైపు "పనులు జరుగుచున్నవి" అనే బోర్డు పెట్టారు. మధ్యాహ్నం సూపర్‌వైజర్‌ వచ్చి ఆ బోర్డు చూసి, "వాళ్ల పని అయ్యేదాకా నువ్వు అటు పోకు" అని గట్టిగా హెచ్చరించి వెళ్లాడు. గుండక్క బుద్ధిగా తలూపింది.

కానీ పిట్ట మాత్రం గూటికి రాలేదు. చీకటి పడబోతున్నా దూరంగా నిలబడి అరుస్తూనే ఉంది. ఇంటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది గుండక్క. ముసలావిడ నోట్లో ముద్ద పెట్టలేదు. "నా చీరే వాటి కొంప ముంచింది" అని గోడ వైపు తిరిగి కూర్చుంది.

తెల్లారగానే గుండక్క రోడ్డు మీద ఉంది. కంచె సందులోంచి చూసి ఫోన్ తీసింది. "కూర్చుంది అత్తయ్యా! బోర్డు వెనకాల మహారాణిలా కూర్చుంది!"

అవతల ముక్కు చీదిన చప్పుడైంది. తర్వాత, "నా తిండి ఏ గిన్నెలో పెట్టి చచ్చావే? ఆకలేస్తోంది" అని వినిపించింది.

ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున మేస్త్రీ ఎదురొచ్చాడు. "గుడ్లు చిట్లుతున్నాయక్కా. అమ్మగారిని తేవడానికి మా బండి ఉంది." సిమెంటు బస్తాలు మోసే ఆ తోపుడు బండి మీద కుర్చీని తాళ్లతో బిగించారు. కుర్చీలో ముసలావిడ. దారి పొడవునా ఆవిడ నోరు ఆగలేదు. "మెల్లగా తోయండ్రా, నేనేమన్నా బస్తానా? ఏయ్, ఆ గుంట చూసుకో! రోడ్లు తవ్వేది మీరే, నన్ను వాటిలో పడేసేదీ మీరేనా?"

తీరా వెళ్లి చూస్తే గూట్లో పెంకులు తప్ప ఏమీ లేవు. తీతువు పిల్లలు పుట్టీపుట్టగానే నడిచిపోతాయని అక్కడున్న వాళ్లలో ఎవరికి తెలుసు? ముసలావిడ మొహం వాడిపోయింది. గుండక్కకు ఆవిడ వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

అంతలో తల్లిపిట్ట అరిచింది. కంచె లోపల, కోత పడని ఆ కాస్త గడ్డిలో, గడ్డి చామంతుల కాడలు కదిలాయి. ఒక దూదిపింజ, దానికి పుల్లల్లాంటి రెండు కాళ్లు. వెనకాల ఇంకొకటి. తర్వాత రెండు ఒకదాన్నొకటి తోసుకుంటూ. పరిగెత్తి, ఆగి, నేలకు కరుచుకుపోయి, మళ్లీ లేచి పరుగు. నున్నగా గుండు కొట్టిన నేల మీదైతే వాటికి దాక్కోవడానికి చోటే ఉండేది కాదు. ఆ సంగతి గుండక్క గుండెలో ముల్లులా దిగింది. ఇకమీదట ఆ మూల గడ్డి జోలికి పోనని, సూపర్‌వైజర్‌ కాదు కదా వాళ్ల తాత చెప్పినా పోనని అక్కడే అనుకుంది.

చాలాసేపటికి బండి దగ్గరకు వచ్చి, అత్తగారి చెవి దగ్గర వంగింది. "ఏం చూశారు అత్తయ్యా ఇవాళ?"

ముసలావిడ బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు, చూపు తిప్పలేదు.

"ఏముంటుందే? గడ్డి" అంది.

ఇక వెళ్దామా అని మేస్త్రీ బండి మీద చెయ్యి వేస్తే మాత్రం, ఆ చెయ్యి మీద ఒక్కటిచ్చింది.