వంకకు వదిలిన జాగా

మొన్న మా ఊరి బడి ఆవరణలో వ్యవసాయశాఖ వాళ్ళు మీటింగు పెట్టి, వంక పక్కన చేలున్నవాళ్ళు ఒడ్డు వెంబడి కొంత జాగా దున్నకుండా వదలండి, అక్కడ మన నేలలో పుట్టే గరికా, రెల్లూ, వావిలీ పెరగనిస్తే చేనిలోంచి కొట్టుకొచ్చే మట్టినీ ఎరువునూ అవే ఆపి, నీళ్ళను వడగట్టి వంకలోకి వదులుతాయని బొమ్మలు చూపించి మరీ చెప్పారు. అందరూ కొత్త సంగతి విన్నట్టు తలలూపుతుంటే నేను మాత్రం తలెత్తలేకపోయాను. అలాంటి జాగాను దగ్గరుండి మట్టుబెట్టించిన మనిషిని నేనే మరి.

నేను పెనుకొండ పక్కన ఈ ఊరికి కాపురానికి వచ్చేనాటికి అత్తవారి మల్బరీ తోట వంక ఒడ్డునే ఉండేది. పట్టుపురుగులు పెంచి హిందూపురం మార్కెట్టుకు గూళ్ళు తోలిన ఇల్లాళ్ళకు నేను చెప్పక్కర్లేదు గానీ, గూడు కట్టబోయే ముందు వారం ఆ పురుగులకు ఎంత ఆకు వేసినా చాలదు. తోటకూ వంకకూ మధ్య మాత్రం కసువూ పొదలూ నిలువెత్తు పెరిగి ఉండేవి. మా అత్త అక్కడ గొర్రెలకు కోసుకోనిచ్చేదే తప్ప వేరు కదపనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే "అది వంక జాగా మే, మనది గాదు" అనేది, అంతే. తొంభైల్లో ఆమె పోయిన మరుసటి ఏడే, ఊరికే పడున్న చోట ఇంకో రెండు సాళ్ళు మల్బరీ వస్తుంది కదా అని నేను మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆయన తటపటాయించి తటపటాయించి చివరికి ట్రాక్టరు తెచ్చాడు. ఆ ఏడు ఆకు విరగకాసినట్టు వచ్చింది, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా పెద్దక్కను ఇచ్చింది అదే వంకకు దిగువనున్న ఊళ్ళో. అక్కడి వాళ్ళకు తాగునీళ్ళంటే వంక ఇసుకలో గుంట తీసి చిప్పతో తోడుకునే చెలమ నీళ్ళే, ఎంత తియ్యగా ఉండేవో! పీర్ల పండక్కు ఆ నీళ్ళతోనే పానకం కలిపి పంచడం అక్క అత్తవారింటి వాడుక. ఆ ఏడు పండక్కు నేను వెళ్ళేసరికి అక్క ఎద్దులబండి మీద డ్రమ్ము పెట్టించి పక్క ఊరి బోరు నీళ్ళు తెప్పిస్తోంది. ఎందుకే అంటే మాట దాటేసింది. చివరికి వాళ్ళత్తే చెప్పింది.

"వానొస్తే మీ తోటలో ఎరువూ బురదా అంతా మా చెలమల్లోకే వస్తాండాది మే. మీ చెల్లెలోళ్ళ బురద మేం తాగల్లనా అని ఊరంతా మీ అక్కనే అంటాండారు. నీకు ఒక్క మాట చెప్పనీలేదు ఆ పిల్ల."

చేతిలోని పానకం గ్లాసు అలాగే కింద పెట్టేశాను. నా అత్యాశకు అక్క ఊళ్ళో అందరి ముందూ తల వంచుకుని తిరిగింది. నన్ను నాలుగు తిట్టి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదేమో. బయల్దేరేటప్పుడు ఎప్పటిలాగే తలలో పూలు పెట్టి పంపింది.

ఇంటికొచ్చి ఒడ్డున వేసిన మల్బరీ పీకించి, గరిక దుబ్బులూ వావిలి కొమ్మలూ తెచ్చి నాటాం. వానలు మొహం చాటేసిన ఏళ్ళవి. ఒక్క పూటలో పెకలించిన దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి ఏళ్ళు పట్టింది. రెండువేల సంవత్సరం దాటాక ఎప్పటికో ఒడ్డు పచ్చబడింది, ఒక మంచి వానకు వంక పారింది. నేను పరుగున అక్క ఊరెళ్ళి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నా చేత్తోనే చెలమ తీశాను. నీళ్ళు తేరాక ముందు నేను తాగి, అక్కకు దోసిట పట్టాను. అక్క "బాగుండాయిలే మే" అని నవ్వి, ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుంది. ఇంటికెళ్ళాక నాకు చెంబులో కొని తెచ్చుకున్న క్యాను నీళ్ళు వంచి ఇచ్చింది.

అక్కను నేనేమంటాను? ఇప్పుడు ఆ ఊరి పిల్లలకు చెలమ అంటే ఏమిటో తెలియదు. ఆ రుచిని వాళ్ళకు లేకుండా చేసినవాళ్ళలో నేనూ ఒకతెను.