అక్కకు ఏం పెట్టాలె

తెలంగాణ ఉద్యమంల రోడ్డు మీద వంటావార్పు బువ్వ తిన్నంకనే మా అక్కకు ఆకలి పుట్టిందని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటరు. ఉత్త మాట. ఆకలి ఎప్పుడూ ఉండె, పెట్టేటోళ్ళే లేకుండె.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, అక్కకు కీమో నడుస్తున్న రోజులవి. మన్సూరాబాద్‌ల ఇల్లు. కింద అక్క, బావ, వాళ్ళత్త. పైన కిరాయికి గుంటూరు ఆమె. రాష్ట్రం రావాలని అత్త, వద్దని ఆమె, మెట్ల మీద రోజూ లొల్లే. అక్క నోరు కట్టెయ్యడంల మాత్రం ఇద్దరిదీ ఒకటే పార్టీ.

"పిన్నిగారూ, గుడ్డు పెట్టకండి, గడ్డ మళ్ళీ వస్తుందంట."

"గుడ్డేంది, పాలు సుత బంద్ పెట్టిన."

మిగిలింది జావ. నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సెక్కి పోయి కొట్లాడి వచ్చేదాన్ని. నాలుగు అక్షరాలు చదివిందని ఎగిరెగిరి పడుతుందన్నరు. బరువు ఇంకా తగ్గితే తర్వాతి కీమో వాయిదానే అని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది.

ఆ వారమే ఎల్బీనగర్ చౌరస్తాల వంటావార్పు. అత్త కొంగు బిగించి, గరిటె పట్టి వడ్డనకు నిలబడ్డది. అక్కను నేనే ఆటోల తీస్కపోయిన. అక్క ఇస్తరాకు పట్టుకొని సీదా అత్త ముందటికే పోయింది.

"అత్తమ్మా, గుడ్డు పడలే."

అత్త కండ్లు ఉరిమింది. వెనక లైన్ల నుంచి ఎవరో ఆడామె అరిచింది: "ఏందమ్మా, తెలంగాణ బువ్వ కాడ గూడ పిసినారితనమేనా?"

గుడ్డు పడ్డది.

"ఇంకోటి ఎయ్యి అత్తమ్మా. జై తెలంగాణ!"

తెల్లారి అక్కతోని అత్త గూడ దవాఖానకు వచ్చింది. డాక్టరమ్మ ముందుగాల నన్నే తిట్టింది, కీమో నడుస్తుంటే గుంపులకు ఎందుకు తోలుకపోయినవని. తర్వాత గుడ్లు, పప్పు, పాలు అన్నీ పెట్టుమంది. ఆమె నోటి నుంచి వింటే గాని అత్త చెయ్యి కదలలే. అక్క తేరుకుంది, కీమో ఆగలే.

అత్త ఊకుంటదా? "ఏం తింటే వచ్చింది మేడం ఈ రోగం?"

"ఒక్క తిండిని పట్టుకొని ఇదే కారణం అనలేమమ్మా. మద్యం తాగితే, ముట్లుడిగాక ఒళ్ళు బాగా పెరిగితే రిస్కు కొంత ఎక్కువ. అవేవీ లేనివాళ్ళకీ వస్తుంది."

మా అక్క బక్కది, కల్లు వాసన గూడ పడదు. తప్పు మోపుదామంటే అత్తకు ఒక్క వంకాయ గూడ దొరకలే.

నాకు అర్థం కానిది ఒకటే. బావకు షుగర్ వచ్చినప్పుడు అందరూ అక్కనే అడిగిన్రు, ఏం పెట్టినవని. అక్కకు క్యాన్సర్ వస్తే మళ్ళ అక్కనే అడిగిన్రు, ఏం తిన్నవని. బావను ఎవరన్న, ఎప్పుడన్న, ఏమన్న అడిగిన్రా?