గేదె బొమ్మ కింద ఉండాల్సిన మాట

"నాకు చదువు రాదు కదా బాబూ."

ఈ మాట ఎక్కడెక్కడో అన్నాను. ఒక మనిషితో మాత్రం ఒకే ఒక్కసారి అన్నాను. అన్ననాడు అది నిజమే. అప్పటికి నాకు అ, ఆ కూడా రావు. అయినా నేను ఈ జన్మలో ఆడిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది అదే. పదమూడేళ్ళుగా మోస్తున్నాను. అన్నం కలుపుకుంటున్నప్పుడో, బస్సు కోసం నిలబడ్డప్పుడో ఉన్నట్టుండి గుర్తొస్తుంది. చెయ్యి ఆగిపోతుంది. ఎవరితోనూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

జగ్గయ్యపేటలో ఒక చిన్న ప్రెస్సులో పనిచేసేదాన్ని. కాగితాలు మడతపెట్టి కుట్టడం నా పని. మా ఆయన పోయాక చేరాను. పెళ్ళి శుభలేఖలు, ఎరువుల కొట్ల బిల్లు పుస్తకాలు, సినిమా హాలు కరపత్రాలు అక్కడ అచ్చయ్యేవి. వాటితోపాటు నెలకోసారి ఎనిమిది పేజీల పత్రిక. యజమానిని అందరం పంతులుగారు అనేవాళ్ళం. ఆ పత్రిక ఆయన సరదా. అందులో కథలు, పద్యాలు ఉండేవట. నాకు తెలిసినవి బొమ్మలు మాత్రమే.

ఆదివారం మధ్యాహ్నం ప్రెస్సు వరండాలో కార్టూన్లు వేసేవాళ్ళు కూడేవాళ్ళు. నలుగురో, ఐదుగురో. అందరూ బెజవాడ వారపత్రికలకు కార్టూన్లు పంపేవాళ్ళే. అట్టముక్క మీద నల్ల ఇంకుతో బొమ్మ వేసి, తిరిగి రావడానికి స్టాంపు అంటించిన కవరు కూడా లోపల పెట్టి పంపాలి. నచ్చకపోతే ఆ కవర్లోనే ఇంటికొస్తాయి. తాలూకాఫీసులో పనిచేసే గుమాస్తాగారు ఒకాయన ఉండేవాడు. "ఏం రత్నం, అత్తారింటికి పంపిన పిల్లలు మళ్ళీ పుట్టింటికే వచ్చారా?" అని ఎగతాళి చేసేవాడు. "మీ పిల్లల్ని గడప కూడా తొక్కనివ్వలేదంట కదండీ" అని రత్నం తిప్పికొట్టేవాడు.

రత్నం సైన్‌బోర్డులు రాసే పెయింటరు. జగ్గయ్యపేటలో సగం కొట్ల పేర్లు అతని చేతివే. సుగుణ నందిగామలో ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరు. ఆదివారం బస్సెక్కి వచ్చేది. అంతమంది మగవాళ్ళలో ఒక్కతే ఆడమనిషి. నల్లగా, పొడుగ్గా, పెద్ద జడతో ఉండేది. ఆమె నవ్వితే లోపల మిషన్ చప్పుడులో కూడా వినిపించేది.

సుగుణ మాటల్లేని కార్టూన్లు వేసేది. వేసినవన్నీ ముందు నాకు చూపించేది. "అక్కా, ఇటు రా" అని నా మడతల బల్ల మీద పెట్టి, బొమ్మ వంక కాకుండా నా మొహం వంక చూసేది. నేను నవ్వితే అది బెజవాడ వెళ్ళేది. నవ్వకపోతే అక్కడే చింపేసేది. "నీకు అర్థం కాకపోతే తప్పు బొమ్మది, నీది కాదు" అనేది. ఒకసారి ఒకామె ఇంటి ముందు మొదలుపెట్టిన ముగ్గు వీధి దాటి, హైదరాబాదు రోడ్డు దాకా పోయింది. అటూ ఇటూ లారీలన్నీ ఆగి ఉన్నాయి, డ్రైవర్లు చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాను. "సుగుణగారి ఎడిటరు బెజవాడలో లేడండోయ్, మడతల బల్ల దగ్గరుంది!" అన్నాడు గుమాస్తాగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా జీవితంలో నన్ను అంత పెద్దదాన్ని చేసిన మాట మరొకటి లేదు. ఇలాంటి మనిషికి నేను ఏం చేశానో చూడండి.

సుగుణకీ రత్నానికీ మాఘమాసంలో పెళ్ళి అనుకున్నారు. సుగుణ తండ్రికి పెయింటరు అల్లుడు ఇష్టం లేదు. ఏడాది పోరి ఒప్పించింది. రత్నం కార్టూన్లలో ఆడమనిషి ఎప్పుడూ సుగుణే. ఆ పొడుగు, ఆ జడ. వరండాలో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. "ఈ నెల నన్నేం చేశావు?" అని కాగితం లాక్కునేది.

ఆ నెల రత్నం రెండు కార్టూన్లు ఇచ్చాడు. వాటి కింది మాటలు నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిశాయి. కానీ ఇప్పుడే చెబుతాను, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. ఒక బొమ్మలో భార్య అద్దం ముందు పౌడరు రాసుకుంటోంది, మొగుడు సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. దాని మాట: "ఇంకా ఎంతసేపు? అవతల బస్సు వెళ్ళిపోతోంది!" రెండో బొమ్మలో ఒక రైతు పాలేరు ఏట్లో గేదెను కడుగుతున్నాడు, గట్టు మీద ఒకడు నిలబడ్డాడు. దాని మాట: "ఎంత రుద్దితే మాత్రం ఆ నలుపు పోతుందా?"

రెండూ ఒకే పేజీలో అడుగున పక్కపక్కన. బొమ్మలు బెజవాడలో బ్లాకులుగా చేయించి తెచ్చేవాళ్ళు. చెక్క దిమ్మ మీద రేకు ముక్క కొట్టినట్టు ఉంటాయి. వాటి కింద మాటలు సీసపు అక్షరాలతో పేరుస్తారు. అంతా ఒక ఇనప చట్రంలో బిగించి, ముందు ఒక కాగితం మీద అచ్చు తీసి చూస్తారు. అది ప్రూఫు. పంతులుగారు ప్రూఫు చూసి, సరిగ్గా ఉందని సంతకం పెట్టి మేకుకు గుచ్చి వెళ్ళారు. మిషన్ తొక్కే కోటయ్య పని మొదలుపెట్టేసరికి బొమ్మలు పలచగా పడుతున్నాయి. బ్లాకుల అడుగున కాగితం అంటించి కాస్త ఎత్తు చేయాలి. చట్రం వదులు చేశాడు. ఇంతలో కాగితాల బేళ్ళు బస్సులో వచ్చాయని కబురు. "నువ్వు ఆ రెండిటి కింద కాగితం అంటించి ఎక్కడివక్కడ పెట్టేయ్. నేనొచ్చి బిగిస్తా" అని పరిగెత్తాడు. చట్రం ముట్టుకోవడం నా పని కాదు. ముట్టుకోమన్నందుకు గర్వపడ్డాను. అది కూడా రాయాలి.

బ్లాకులు తీసి, బోర్లించి, జిగురు రాసి కాగితం అంటించాను. వెనక నుంచి రెండు దిమ్మలూ ఒకలాగే ఉన్నాయి. ఏది ఎక్కడిది? మేకుకున్న ప్రూఫు చూశాను. ఎడమ పక్క సుగుణ, కుడి పక్క గేదె. అలాగే చట్రంలో ఎడమ పక్క సుగుణను, కుడి పక్క గేదెను పెట్టాను. ఎంత జాగ్రత్తగా పెట్టానో! చట్రంలో అంతా తిరగబడి ఉంటుంది. కాగితం మీద ఎడమ పడాలంటే చట్రంలో కుడి పక్క ఉండాలి. ఈ సంగతి ప్రెస్సులో వందసార్లు విన్నాను. కానీ చేతులు కాగితం చూసి నడిచాయి.

ఇంతవరకు తప్పు కాదు, పొరపాటు. తప్పు ఆ తర్వాతది.

కోటయ్య వచ్చి బిగించాడు, తొక్కాడు. తడి ఆరిన కాగితాలు నా బల్ల మీదకి వచ్చాయి. మొదటి కట్ట మడతపెడుతుండగానే చూశాను. ఎడమ పక్క గేదె, కుడి పక్క సుగుణ. మేకుకున్న ప్రూఫు వంక చూశాను. మళ్ళీ కాగితం చూశాను. తెలిసిపోయింది. "కోటయ్యా" అనడానికి నోరు తెరిచాను. అనలేదు. అచ్చయినవన్నీ పారేయాలి. పంతులుగారు అరుస్తారు, ఎవరు ముట్టుకున్నారంటారు, కోటయ్య పని పోతుంది, నా పనీ పోతుంది. ఇంకోటి కూడా అనుకున్నాను. బొమ్మలు రెండూ ఉన్నాయి కదా, ఏది ఏ పక్కనుంటే ఏంటి? కింద ఉన్న మాటలు నాకు చీమల బారులా కనిపించేవి. ఆ బారు ఒక మనిషిని కుట్టగలదని నాకు తెలియదా? ఎంతో కొంత తెలుసు. తెలుసు కనుకనే కోటయ్య మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు ప్రూఫును మేకు నుంచి తీసి జాకెట్‌లో పెట్టుకున్నాను. ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యిలో వేశాను.

పొరపాటు ఎవరికైనా కనిపించి ఉంటే బాగుండేది. కానీ మారిన మాటలు మారిన బొమ్మలకు అతికిపోయాయి. గేదెను కడిగేవాడితో గట్టు మీదవాడు బస్సు వెళ్ళిపోతోందని అంటే జనం నవ్వారు. పౌడరు రాసుకుంటున్న పెళ్ళాంతో మొగుడు ఎంత రుద్దితే మాత్రం ఆ నలుపు పోతుందా అంటే ఇంకా ఎక్కువ నవ్వారు. ఆ పొడుగు, ఆ జడ ఎవరివో నందిగామలోనూ పోల్చుకున్నారు. బస్టాండులో, బడి ముందు, సుగుణ ఎటు పోతే అటు ఆ మాట వినబడిందట.

తర్వాతి ఆదివారం సుగుణ వచ్చింది. కూర్చోలేదు. పత్రిక రత్నం ముందు పెట్టి, "ఈ మాట నువ్వు రాసిందేనా?" అని అడిగింది. రత్నం చూసి తెల్లబోయాడు. "రాసింది నేనే, కానీ..." అన్నాడు. ఆమెకు 'రాసింది నేనే' వరకు చాలు. మెట్లు దిగిపోయింది. నేను మడతల బల్ల దగ్గరే ఉన్నాను. వెళ్ళేటప్పుడు నా వంక ఒకసారి చూసింది. నేను తల వంచుకుని కుట్టాను.

ప్రెస్సులో మారిపోయిందని రత్నం చెబితే, సుగుణ తండ్రి రుజువు చూపించమన్నాడట. పంతులుగారు ప్రెస్సుకు చెడ్డపేరొస్తుందని, "నేను సంతకం పెట్టిందే అచ్చయింది, నువ్విచ్చిన వరసే అది" అన్నారు. మర్నాడు రత్నం నా దగ్గరకొచ్చాడు. బల్లకు ఆ పక్కన కింద కూర్చున్నాడు.

"అక్కా, ఆ ప్రూఫు కాగితం ఎక్కడన్నా చూశావా? మేకుకి ఉండాలి. లేదు."

"ఏ ప్రూఫు?"

"కింద రెండు బొమ్మలుంటాయి. సుగుణ, గేదె. అదొక్కటి దొరికితే చాలక్కా. నేను పోయి వాళ్ళ నాన్న ముందు పెడతా."

"నాకు చదువు రాదు కదా బాబూ. ఏది ఏ కాగితమో నాకేం తెలుస్తుంది?"

అతను నా మొహం చూశాడు. నాకు బొమ్మలు తెలుసని అతనికి తెలియదా? ప్రతి ఆదివారం చూసినవాడే కదా. అయినా నమ్మాడు. "నిజమేలే, నిన్ను అడిగితే ఏం లాభం" అని లేచాడు. చిత్తుకాగితాల బుట్ట మొత్తం బోర్లించి, ఒక్కో కాగితం సాపు చేసి చూశాడు. నేను కూడా వెతికాను. అవును, అతనితోపాటు కూర్చుని వెతికాను.

ఆ పెళ్ళి జరగలేదు. సుగుణ రెడ్డిగూడెం వైపు బదిలీ చేయించుకుంది. కొన్నాళ్ళకు అక్కడే పెళ్ళి చేసుకుందట. బొమ్మలు మానేసిందని గుమాస్తాగారు చెప్పాడు. రత్నం కూడా కార్టూన్లు వేయలేదు. రెండు మూడు నెలలకు వరండాలో ఆదివారాలు ఆగిపోయాయి. ఆ తర్వాత పత్రికా ఆగిపోయింది.

చదువు రానిదాన్ని, నాకేం తెలుసు అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. చదువు రాదన్న మాట నాకు అలవాటైన చాటు. రేషన్ షాపులో, బస్సులో, ఆసుపత్రిలో ఆ మాట అంటే ఎవరూ మరో ప్రశ్న వేయరు. ఆ చాటునే దాక్కున్నాను.

నాలుగేళ్ళ క్రితం మా వీధిలో పెద్దవాళ్ళకు చదువు చెప్పే బడి పెట్టారు. మధ్యాహ్నం పూట. పది పాసైన ఒక అమ్మాయి చెప్పేది. ఎందుకు వెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు. సంతకం కోసమని అందరితో అన్నాను. ఒత్తులు వచ్చాక, ఒకరోజు పెట్టె అడుగున దాచిన ఆ నెల పత్రిక తీశాను. ఎందుకు దాచానని అడగకండి. సుగుణ బొమ్మ కింద వేలు పెట్టి చదివాను. ఎం... త. రు... ద్ది... తే. ఒక్కో అక్షరం పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. 'నలుపు' దగ్గరికి వచ్చేసరికి వేలు కదల్లేదు. అన్నాళ్ళూ ఏదో మాట, ఏదో గొడవ అనుకుంటూ వచ్చాను. ఎవరినైనా అడిగి ఉంటే చెప్పేవాళ్ళే. అడగలేదు. అడగకపోవడం చదువు రాకపోవడం వల్ల కాదు.

చెప్పేయాలని కిందటేడు గరికపాడు వెళ్ళాను. రత్నం అక్కడ చెక్‌పోస్టు దగ్గర లారీలకు పేర్లు రాస్తున్నాడు. పెళ్ళయింది, పిల్లలున్నారు. బల్లచెక్క మీద నిలబడి లారీ వెనక అక్షరాలు దిద్దుతున్నాడు. నన్ను చూడలేదు. నేను అలవాటు కొద్దీ వేలు ఎత్తి, "ని... దా... నం..." అని పైకే కూడబలుక్కున్నాను. వెనక్కి తిరిగాడు.

"అక్కా! చదువుతున్నావే!"

ఒక్క దూకు దూకాడు. రంగు చేతులతోనే నా చేతులు పట్టుకున్నాడు. "ఓ బాబాయ్, మా అక్కకి మంచి టీ పొయ్యి! ఈ వయసులో చదువు నేర్చింది!" అని ధాబా అతనికి కేక వేశాడు. లారీ మీది మాటలన్నీ నాతో చదివించాడు. నేను తప్పు చదివితే పసిపిల్లకు చెప్పినట్టు సరిచేశాడు. ఆ సంతోషం చూశాక, వచ్చిన పని చెప్పకుండా దాచుకున్నాను. టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు చెబితే ఎవరికి లాభం, రెండు సంసారాలు కుదురుగా ఉన్నాయి కదా అని బస్సులో అనుకున్నాను. ఆ మాట కూడా చాటేనా? అయ్యుంటుంది. వాళ్ళ మంచి కోసం నోరు మూసుకున్నానో, నా కోసమో, ఎంత తవ్వినా విడదీయలేకపోతున్నాను. ఒక్కటి మాత్రం తెలుసు. సుగుణ ఈ రోజుకీ తనను ప్రేమించినవాడు తన రంగును నలుగురిలో వెక్కిరించాడనే అనుకుంటోంది. అది తప్పు. తప్పని రుజువు చెప్పగలిగినది లోకంలో నేనొక్కదాన్నే.

అందుకే రాస్తున్నాను. ఈ కాగితాలు ఆమె చేతికి వెళతాయో లేదో తెలియదు. వెళితే, సుగుణా, ప్రూఫులో నువ్వు ఎడమ పక్క ఉన్నావు. నలుపు మాట కుడి పక్కది. అది గేదె మాట. రత్నం నిన్ను ఏమీ అనలేదు. బొమ్మలు మార్చింది నేను. చూసి నోరు మూసుకున్నది నేను. కాగితం కాల్చింది నేను.

క్షమించమని అడగను. చెయ్యి నొప్పిగా ఉంది, ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. మూడు రోజులు పట్టింది. రాసింది మొదటి నుంచి ఒకసారి పైకి చదువుకున్నాను. ఎక్కడా ఆగలేదు. ఈ సంగతి ఇక నా ఒక్కదాని దగ్గరే లేదు.