నేను వెయ్యని గడియ

మా ఇంట్లో రెండు కుక్కలుండేవి. ఒకటి తేనెరంగు లాబ్రడార్. రెండోది నల్లది, నాటుది. కాలు విరిగి వీధిలో పడి ఉంటే మా ఆయన ఎత్తుకొచ్చారు. తిండి పెట్టేది నేనే అయినా రెండూ ఆయనవే అనాలి. తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేసుకుని, సాయంత్రం రైలు దిగి, ఆయన స్కూటర్ మీద మా వీధి మలుపు తిరగ్గానే వాటికి తెలిసిపోయేది. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి మేం పెద్దగా మాట్లాడుకోం. మాట్లాడుకోకుండా రోజులు గడవడానికి ఆ కుక్కలే కొంత సాయం చేశాయి.

ఏలూరులో కైకలూరు రోడ్డు వైపు కొత్తగా లేచిన కాలనీ మాది. మా ఇంటి తర్వాత రెండు వీధులు, అవి దాటితే ఇక చేపల చెరువులే, కొల్లేరు దాకా.

ఆ రోజు నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. హాల్లో కర్టెన్లు తగిలించడానికి పెద్దాయన వచ్చారు. ఆయన మా ఊళ్ళోనే తంగెళ్ళమూడిలో ఉండే సాయిబు. అరవై దాటాయి. వయసులో ఉండగా తివాచీల మగ్గం మీద కూర్చునేవారట. ఆ పని తగ్గిపోయాక కత్తెర పట్టుకుని కర్టెన్లూ సోఫా కవర్లూ కుట్టడం మొదలుపెట్టారు. కుక్కలంటే ఆయనకి ప్రాణభయం. చిన్నప్పుడు ఒకటి పిక్క పట్టుకుంటే బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజక్షన్లు చేయించారని చెప్పేవారు. మా గేటు బయట నిలబడి, "కట్టేశారాండీ?" అని అడిగేవారు. కట్టేశానంటే, "రెండిటినీనాండీ?" అని మళ్ళీ అడిగిగానీ లోపలికి అడుగు పెట్టేవారు కాదు.

ఐదు గంటలకి పని ముగించుకుని వెళ్ళారు. కొత్త కర్టెన్ పక్కకి జరిపి వీధిలోకి చూశాను. ఆయన గేటు మూశారు, గడియ వేశారు, పడిందో లేదో ఒకసారి లాగి చూసుకున్నారు, ఆ తర్వాత మోపెడ్ ఎక్కారు. ఇది నా కళ్ళతో చూశాను. మిగతాదంతా చెప్పే ముందు ఈ మాట చెప్పకపోతే లాభం లేదు.

ఆరున్నరకి పార్సిల్ వచ్చింది. అప్పుడు మా చెల్లితో ఫోన్లో ఉన్నాను. వాళ్ళ అత్తగారి మీద ఏదో చెబుతోంది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో అట్టపెట్టె పట్టుకుని, గేటుని మోకాలితో నెట్టి లోపలికొచ్చేశాను. తీసిన గడియ మళ్ళీ వెయ్యాలన్న సంగతే తట్టలేదు. ఏడింటికి రోజూలాగే కుక్కల్ని విప్పాను. పావుగంట పోయాక అన్నం కలిపి పిలిస్తే అలికిడి లేదు. వరండాలోకి వచ్చి చూస్తే గేటు బార్లా తెరిచి ఉంది.

వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చాను. అటూ ఇటూ పిలిచాను. ఇంతలో మా ఆయన వచ్చేశారు. ఎదురొచ్చే కుక్కలు రాకపోయేసరికి స్కూటర్ కూడా ఆపకుండా, "గేటు ఎవరు తీశారు?" అన్నారు.

అప్పుడు నేను నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఆయన చేయి చేసుకునే మనిషి కాదు, గొంతు పెంచే మనిషీ కాదు. కానీ అంతకు ముందు వారమే స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయి గిన్నె మాడ్చాను. దానికి ముందు ఇంటి తాళం కాలేజీలో వదిలేసి వచ్చాను. "నీకు గుర్తుండేది ఏదైనా ఉందా?" అని నవ్వుతూ అన్నారు. ఆ నవ్వు మళ్ళీ వినాల్సి వస్తుందేమోనని, అంతే, నా నోరు దానంతటదే అనేసింది.

"కర్టెన్ల ఆయన వెళ్ళేటప్పుడు గడియ సరిగ్గా వేసినట్టు లేదండీ."

ఆయన వెంటనే పెద్దాయనకి ఫోన్ చేశారు. స్పీకర్లో పెట్టారు.

"సాయిబు గారూ, సాయంత్రం వెళ్ళేటప్పుడు మా గేటు గడియ వేశారా? కుక్కలు రెండూ బయటికి పోయాయి."

"వేశాననే అనుకుంటున్నానండీ," అన్నారు పెద్దాయన. వెంటనే, "మేడమ్ గారు ఏమంటున్నారండీ?"

"వెయ్యలేదేమో అంటోంది."

"అయ్యో. మేడమ్ గారు అన్నారంటే అయ్యుంటుందండీ. నేనిప్పుడే వచ్చేస్తున్నానండీ."

వద్దని మా ఆయన చెప్పేలోపే ఫోన్ పెట్టేశారు. అరగంటలో మోపెడ్ మీద వచ్చేశారు. చేతిలో టార్చి, మెడలో తువ్వాలు, హ్యాండిల్‌కి ఎప్పుడూ ఉండే పని సంచి. అన్నం తిన్నారో లేదో కూడా నేను అడగలేదు.

మా ఆయన స్కూటర్ మీద ఊళ్ళోకి వెళ్ళారు. నేనూ పెద్దాయనా నడుచుకుంటూ చెరువుల వైపు వెళ్ళాం. కనపడ్డ ప్రతి మనిషినీ ఆయనే ఆపి అడిగారు. "ఏవండీ, తేనెరంగు కుక్క ఒకటి, నల్లది ఒకటి ఇటు గానీ వచ్చాయాండీ? మంచి కుక్కలండీ, ఏమీ అనవు." కుక్కల్ని ఎలా పిలవాలో ఆయనకి తెలియదు. చీకట్లోకి టార్చి వేసి, "రామ్మా, రండమ్మా, ఇంటికెళ్ళిపోదాం," అని చంటిపిల్లల్ని పిలిచినట్టు పిలిచారు. కాపలావాళ్ళ కుక్కలు గట్టు మీద నుంచి మొరిగినప్పుడల్లా ఆయన నా వెనక్కి ఒక అడుగు వేసి, మళ్ళీ తమాయించుకుని నా ముందుకి వచ్చేవారు.

చెరువుల్లో నీళ్ళు చిలికే యంత్రాల మోతలో మా పిలుపు మాకే సరిగ్గా వినపడటం లేదు. గట్టు నల్లమట్టి, జారుతోంది. ఒకచోట నేను తూలితే ఆయన టార్చి నా కాళ్ళ దగ్గర పట్టి, "చూసుకోండి మేడమ్ గారూ," అన్నారు. కాస్త దూరం నడిచాక తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"ఈమధ్య నా చెయ్యి పట్టు తప్పుతోందండీ. సూదిలో దారం ఎక్కించడానికి కూడా రెండుమూడుసార్లు పడుతోంది. గడియ పడిందనుకుని ఉంటానండీ. పడలేదు కాబోలు. నన్ను క్షమించండి."

అక్కడ మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు. నా మొహం కూడా ఆయనకి కనపడదు. చెప్పడానికి అంతకంటే సులువైన చోటు దొరకదు. నేను ఏమన్నానో తెలుసా? "పోనీలెండి, పొరపాట్లు అందరికీ జరుగుతాయి" అన్నాను. ఆయన్ని నేను క్షమించాను! ఆయన రెండు చేతులూ జోడించారు. గుర్తొస్తే ఇప్పటికీ కూర్చున్న చోటు నుంచి లేచి అటూ ఇటూ తిరుగుతాను.

పదిన్నరకి మా ఆయన ఫోన్ చేశారు. నల్లది రైల్వే గేటు దగ్గర టిఫిన్ బండి కింద పడుకుని ఉందట. తేనెరంగుది మాత్రం ఒంటిగంట దాకా వెతికినా దొరకలేదు. "ఇక ఇంటికి వెళ్ళండి సాయిబు గారూ, పొద్దున చూద్దాం," అని మా ఆయన ఆయన్ని పంపించేశారు. మోపెడ్ వీధి మలుపు తిరిగింది. మేం పడుకున్నాం. మా ఆయనకి నిద్ర పట్టలేదు. నేను నిద్ర పట్టినట్టు కళ్ళు మూసుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ మోగింది. ఎవరో చెరువు కాపలా మనిషి. "ఏవండీ, ఇక్కడ ఒక సాయిబు గారు మీ నంబరు ఇచ్చారండీ. కుక్క దొరికింది. బేగీ రండి, ఆయన చేతికి బాగా దెబ్బ తగిలింది."

పెద్దాయన ఇంటికి వెళ్ళారు. కానీ ఉండలేక మూడింటికి మళ్ళీ బయల్దేరి వచ్చారట. కాలవ పక్కన ఒక చెరువు తూము దగ్గర, చేపలు బయటికి పోకుండా కట్టిన నైలాన్ వలలో మా కుక్క కాళ్ళు చుట్టుకుపోయి ఉన్నాయి. మెడ దాకా నీళ్ళలో ఉందట. ఎంతసేపటి నుంచి అలా ఉందో. కాపలా మనిషి టార్చి పట్టుకుంటే, ఆయన సంచిలోంచి కత్తెర తీసి నీళ్ళలోకి దిగి వల కత్తిరించారు. వెనక కాలు దగ్గర వల తెగుతున్నప్పుడు నొప్పికో బెదురుకో కుక్క ఆయన కుడిచెయ్యి కరిచింది. ఆయన చెయ్యి లాక్కుని, ఎడమ చేత్తో మిగతా వల కత్తిరించారు.

మేం వెళ్ళేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నారు. చేతికి తువ్వాలు చుట్టి ఉంది, తువ్వాలంతా నెత్తురు. కుక్క ఆయన పక్కనే వణుకుతూ పడుకుని ఉంది. నన్ను చూసి, "ఇంక మీకేం దిగులు లేదు మేడమ్ గారూ," అన్నారు.

ఆసుపత్రిలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కుట్లు వేశారు. ఇంజక్షన్ చేసే అమ్మాయితో ఆయన, "ఇప్పుడు భుజానికే చేస్తారా అమ్మా, బొడ్డు చుట్టూ కాదు కదా?" అని అడిగి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మా ఆయన మందుల కోసం వెళ్ళారు. కబురు తెలిసి వచ్చిన పెద్దాయన భార్య వరండాలో నా పక్కన బల్ల మీద కూర్చుంది. నన్ను ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆవిడ మెల్లగా అంది.

"రాత్రి ఇంటికొచ్చి పడుకోలేదండీ. మా తలుపు గడియ తీసి వేసుకుంటూ కూర్చున్నారు. ఎన్నిసార్లని. 'చూడు, పడుతోందా పడటంలేదా' అని నన్నడగడం. పడుతోందండీ అన్నా వినరే. కాసేపటికి బండి తీసుకుని వెళ్ళిపోయారు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఓదారుస్తున్నానని ఆవిడ అనుకుని ఉంటుంది.

మూడు వారాలు ఆయన కత్తెర పట్టుకోలేకపోయారు. మా ఆయన ఒకరోజు విడిచి ఒకరోజు వెళ్ళి చూసి వచ్చేవారు, ఇంజక్షన్లకి స్కూటర్ మీద తీసుకెళ్ళేవారు. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలన్నాను, తలనొప్పన్నాను. 

ఒక ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన కంచంలోకి చూస్తూ అన్నారు. "కుక్కలు పోయిన సాయంత్రం మన గేటు దగ్గర జరిగింది ఎదురింటాయన కెమెరాలో పడింది, నాకు పంపించాడు. ఆ మర్నాడే పంపించాడు."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెబుతావనుకున్నాను. ఇవాళ చెబుతావు, రేపు చెబుతావు అని చూశాను." కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. "కుక్కలు పోయినందుకు నిన్ను ఏమనేవాణ్ణి? ఏమీ అనేవాణ్ణి కాదు. ఆ ముసలాయనతో ఎలా నడిచావు రాత్రంతా?"

చేతిలో ముద్ద కంచంలో వదిలేసి లేచాను.

ఆ సాయంత్రమే తంగెళ్ళమూడి వెళ్ళాను, ఒక్కదాన్నే. తోడు వస్తాననలేదు మా ఆయన. ఒక గది, ముందు చిన్న వసారా. వసారాలో కుట్టు మిషను మీద దుప్పటి కప్పి ఉంది. పెద్దాయన లేవబోతే కూర్చోమన్నాను. ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. కుర్చీ అంచు మీద కూర్చుని చెప్పేశాను. గడియ మీరు వేశారు, నేను చూశాను, తర్వాత పార్సిల్ కోసం నేనే తీశాను, మీ మీద పెట్టాను. దారంతా సిద్ధం చేసుకున్న మాటలు ఏవీ రాలేదు. ఇంతే చెప్పాను.

ఆయన నా మొహం చూడలేదు. కట్టు ఊడిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసుకున్నారు. వేళ్ళు ముడిచారు, తెరిచారు.

"అయితే పడిందన్నమాట," అన్నారు.

"పడిందండీ. మీరు లాగి కూడా చూశారు."

ఆయన లోపలికి తిరిగి భార్యని పిలిచారు. ఆవిడ గ్లాసులు పట్టుకుని వచ్చింది.

"మేడమ్ గారూ, ఇంకొక్కసారి చెప్పండి. ఆవిడ కూడా వింటుంది."

మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. ఆవిడ నిలబడే వింది. విని, నా గ్లాసు నా పక్కన వసారా గట్టు మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. పెద్దాయన మాత్రం, "టీ తాగండి, చల్లారిపోతుంది," అన్నారు. తాగాను. వీధి చివరిదాకా వచ్చి నన్ను ఆటో ఎక్కించారు.

మరుసటి ఏడు మా పడగ్గదికి కర్టెన్లు కావలసి వచ్చి ఫోన్ చేశాను. చెయ్యి బాగుందన్నారు, పని బాగా సాగుతోందన్నారు, కుక్కలు ఎలా ఉన్నాయని అడిగారు. కొలతలకి ఎప్పుడొస్తారంటే మాత్రం, "ఈమధ్య అస్సలు ఖాళీ లేదండీ, ఏమీ అనుకోకండి," అని పవర్‌పేటలో ఇంకొకరి పేరు చెప్పారు. ఆ గొంతులో కోపం లేదు. ఎప్పటి మర్యాదే. ఆ వారమే ఆయన మా వీధిలో నాలుగో ఇంటి వాళ్ళకి సోఫా కవర్లు కొలుస్తూ కనిపించారు. వాళ్ళకీ కుక్క ఉంది. నేను పలకరించకుండా తల దించుకుని కాలేజీకి వెళ్ళిపోయాను.