తీగ పీకించింది నేనే

1998. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అద్దె భవనంలో మా ఆఫీసు. నేను ఫీల్డ్ సూపర్‌వైజర్ని. సముద్రపు ఒడ్డు ఊళ్లలో ‘షెల్టర్ బెల్ట్’, అంటే గాలికి అడ్డంగా సరుగుడు చెట్ల వరసలు పెంచడం మా పని.

శిక్షణలో మాకు ఒక అగ్నిపర్వతాల దేశం ఫోటోలు చూపించారు. గడ్డి పోయిన చోట నల్లటి బూడిద ఇసుక గాలికి లేచి, పచ్చటి పొలాలను మింగేసింది. దీన్ని ‘విండ్ ఎరోజన్’, అంటే గాలి కోత అంటారని బుద్ధిమంతుడిలా నోట్సు రాసుకున్నాను. ఏం లాభం?

దివిసీమ దిగువన చేపలు పట్టేవాళ్ల ఊరు ఒకటి మా వంతుకొచ్చింది. ఇసుక దిబ్బల మధ్య తవ్వుకున్న చెలమే వాళ్లకు తాగునీరు. దిబ్బల నిండా ఊదారంగు పూల తీగ అల్లుకుని ఉంది. మా అధికారి దాన్ని చూసి ముఖం చిట్లించాడు.

“ఏంటయ్యా ఈ పిచ్చి తీగ? ఇన్‌స్పెక్షన్‌కి సైట్ నీట్‌గా ఉండాలి. అంతా పీకించెయ్.”

కూలీలను పెట్టాను. చేపల గంపతో పోతున్న ఆ ఊరి చిట్టెమ్మ గంప దించి, అడ్డంగా నిలబడింది.

“తీగ జోలికి పోకండి సారూ. మేం మేకల్ని కూడా దాని మీదకి తోలం. అది పోతే దిబ్బ నడిచొచ్చుద్దండీ.”

“సరుగుడు వేస్తున్నాంగా, అది ఆపుద్దిలే.”

“అది ఎదిగేదాకా ఎవరాపుతారండీ?”

అధికారికి ఎదురుచెప్పే దమ్ము లేక, “మాకు చెప్పొచ్చావా?” అని ఆమెనే కసిరి, తీగంతా పీకించి సరుగుడు మొక్కలు నాటించాను.

ఏప్రిల్‌లో సముద్రపు గాలి మొదలైంది. మోకాలెత్తు మొక్కలు ఇసుకలో కూరుకుపోయాయి. చెలమ పూడిపోయింది. ఎంత తవ్వినా పక్కల నుంచి ఇసుక జారిపడుతూనే ఉంది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మండుటెండలో మూడు మైళ్లు, కాలువ దాకా నడిచారు.

రిపోర్టులో ‘ప్రకృతి వైపరీత్యం’ అని రాయమన్నాడు అధికారి. ఒళ్లు మండిపోయింది. గాలి చేసిన పాపమేమిటి? ఏటా వీచినట్టే వీచింది. తీగ మేమే పీకించామని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఫైల్లోంచి మాయమైంది, నాకు బదిలీ వచ్చింది.

వెళ్లేముందు ఆ ఊరికి పోయాను. ఆడవాళ్లు తాటాకు తడికలు అడ్డంపెట్టి, వాటి చాటున తీగ ముక్కలు పాతుతున్నారు. నేనూ ఒకటి అందుకున్నాను. చిట్టెమ్మ దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

“మీరు ముట్టుకోకండి సారూ. ఈసారన్నా బతకనియ్యండి.”

ఆ తర్వాత చాలా ఊళ్లలో మొక్కలు నాటించాను. నీళ్లు మోసుకునే ఆడవాళ్లను అడగకుండా ఎక్కడా గడ్డిపరక కూడా పీకించలేదు. చిట్టెమ్మ అయితే నేను అడక్కముందే చెప్పింది. అందుకే నా మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు.